ఇంజన్ జాతకం

వరికోతలు మొదలయ్యాయంటే ఎల్దుర్తి మండలంలోని మెకానిక్ షెడ్లకు తీరిక ఉండదు. వడ్ల ట్రాలీ లాగుతూ సగం దారిలో ఆగిపోయిన ట్రాక్టర్, నీలం పొగ కక్కుతున్న ఆటో, స్టార్టు కానని మొండికేసిన డీజిల్ ఇంజన్ వరసలో నిలబడి ఉంటాయి. వచ్చిన రైతు ‘‘ఆయిల్ లైటు ఎలిగింది, ఇంకో రెండు ట్రిప్పులు కొట్టి ఆపుదామనుకున్న’’ అన్నాడంటే మెకానిక్ ముఖం మారిపోతుంది. ఆ రెండు ట్రిప్పుల్లో ఏమై ఉంటుందో అతనికి తెలుసు. బేరింగులు కొట్టేసి ఉంటాయి, క్రాంకు గీతలు పడి ఉంటుంది. హాఫింజన్ పనితో పోతే అదృష్టం. లేదంటే క్రాంకును లేతుకూ, బ్లాకును బోరింగుకూ పంపాల్సిందే.

ఎల్దుర్తికి దగ్గర్లోనే తూప్రాన్, మాసాయిపేటల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు సాగే ఆ రోడ్డు మీద ఎప్పుడైనా ఓ స్పోర్ట్స్ కారు హోరుమంటూ దూసుకుపోతే పొలాల్లో వాళ్లు కూడా తలెత్తి చూస్తారు. ట్రాక్టర్ ఇంజన్ నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర పని చేస్తే, ఆ కారు ఇంజన్ ఏడెనిమిది వేలు తిరుగుతుంది. ధరలో రెండింటికీ పోలికే లేదు. అయినా రెండింటి ప్రాణమూ ఒకే చోట ఉంది, అరచేతిలో పట్టేంత ఆయిల్ పంపులో.

పాత స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవాళ్లు మొదట అడిగే మాట ‘ఏ సంవత్సరం మోడల్ తీసుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు?’ అని. ప్రశ్న సరైనదే. జవాబు మాత్రం సంవత్సరం దగ్గర ఆగిపోకూడదు. జాతకం రాయించడానికి వెళ్తే పుట్టిన ఏడాది ఒక్కటే చెబితే సరిపోదు కదా! తేదీ, వేళ, ఊరు కూడా కావాలంటారు. ఇంజన్ విషయంలో ఆ వివరాలన్నిటికీ గట్టి కారణాలున్నాయి.

మూత ఎగరగొట్టిన నూనె

మొదటి తరం కార్లన్నిటికీ ఆయిల్ పంపు ఉండేది కాదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో పంపే లేదు. తిరిగే ఫ్లైవీలు నూనెను పైకి చిమ్మితే, అది గొట్టం గుండా ముందుకు పారి, కింద తిరిగే భాగాలను తడిపేది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో కనిపించే 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అదే కాలానిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిస్తే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చిన బండి అది. సిల్వర్ ఘోస్ట్ ఇంజన్లలో క్రాంకుకు నూనెను ఒత్తిడితో అందించే పంపు ఉంది. ఆ కార్లకు నిశ్శబ్దంగా నడుస్తాయన్న పేరు రావడంలో ఆ పంపు వంతు కూడా ఉంది.

పంపు ఒత్తిడే క్రాంకును పైకెత్తి బేరింగుకు తగలకుండా కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి 1880ల్లో బయటపడింది. బ్రిటన్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద పరీక్షలు చేస్తూ, నూనె పోయడానికని బేరింగు పైభాగంలో ఒక రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరగడం మొదలుపెట్టగానే పోసిన నూనె కిందికి పోకుండా ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. బిరడా బిగిస్తే దాన్నీ తోసేసింది. అక్కడ ప్రెషర్ గేజి పెట్టి చూశాడు. బేరింగు మీద పడుతున్న సగటు బరువు చదరపు అంగుళానికి 100 పౌండ్లే. గేజి ముల్లు మాత్రం 200 దాటిపోయింది.

తిరిగే ఇరుసే తనతోపాటు నూనెను ఇరుకు సందులోకి లాక్కుపోయి, అక్కడ అంత ఒత్తిడి పుట్టించుకుని, ఆ పొర మీద తేలుతోందన్నమాట. 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ దీనికి గణిత సమీకరణం రాశాడు. నేటికీ బేరింగుల లెక్కకు అదే పునాది.

కాబట్టి పంపు పని బరువు మోయడం కాదు, ఆ సందులోకి నూనె కరువు రాకుండా చూడటం. కారు ఇంజన్లో క్రాంకుకూ బేరింగుకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, చాలా ఇంజన్లలో అంతకన్నా తక్కువ. తలవెంట్రుక కూడా పట్టదు. నూనె అందకపోతే ఆ పొర క్షణాల్లో చిరుగుతుంది. లోహాన్ని లోహం ఒరుసుకుంటుంది, వేడికి బేరింగు పైపూత కరుగుతుంది, ఆఖరికి ఇంజన్ సీజవుతుంది. ఎల్దుర్తి రైతు వేసిన రెండు ట్రిప్పుల్లో జరిగేదీ, ఏడు వేల చుట్ల దగ్గర స్పోర్ట్స్ కారులో జరిగేదీ ఒకటే. రెండోది ఇంకా త్వరగా జరుగుతుంది.

జీటీ-ఆర్ కథ

‘ఈ ఏళ్ల బండ్లలో పంపు జాగ్రత్త’ అని కచ్చితంగా చెప్పగలిగిన కార్లలో ముందు చెప్పుకోవాల్సింది జపాన్ బండి, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్. 1989లో వచ్చిన దాని ఆర్‌32 రూపం జపాన్ టూరింగ్ కార్ల పోటీల్లో 1990 నుంచి 1993 వరకు పాల్గొన్న 29 రేసులూ గెలిచింది. అందులోని ఇంజన్ పేరు ఆర్‌బీ26. ఆరు సిలిండర్లు ఒకే వరసలో, రెండు టర్బోలు, 2,568 సీసీ. ఇప్పటికీ ఆ ఇంజన్ను ప్రాణంగా చూసుకునేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు.

దీని ఆయిల్ పంపు క్రాంకు ముందు కొస మీద కూర్చుంటుంది. క్రాంకు మీద రెండు వైపులా చదునుగా చెక్కిన అంచులుంటాయి. అవి పంపు లోపలి చక్రాన్ని పట్టుకుని తిప్పుతాయి. ఆ లోపలి చక్రం తనకన్నా ఒక పన్ను ఎక్కువున్న బయటి చక్రంలో తిరుగుతూ, పళ్ల మధ్య సందులు పెరిగినచోట నూనెను పీల్చి, తగ్గినచోట బయటికి నెడుతుంది.

చిక్కు ఆ చదును అంచుల దగ్గరే వచ్చింది. మొదటి ఏళ్ల ఆర్‌32 క్రాంకుల్లో ఆ అంచు ఇరుకు. పంపు చక్రాన్ని దాని పూర్తి వెడల్పులో పట్టుకోదు, కొంతమేరకే ఆనుతుంది. మామూలుగా నడిపితే అది చాలు. టర్బో ఒత్తిడి పెంచి, ఇంజన్ను చుట్ల గేజిలోని ఎర్రగీత దాకా పదేపదే తిప్పితే మాత్రం చాలదు. తడిబట్టను పిండితే మెలిపడినట్టు, ఒక్కో సిలిండర్ మండిన ప్రతిసారీ పొడవాటి క్రాంకు రవ్వంత మెలిపడి వెనక్కి విప్పుకుంటుంది. ఈ ఊగిసలాట ఎక్కువగా ఉండేది ముందు కొసన, సరిగ్గా పంపు ఉన్నచోట. ఇరుకు అంచు ఆ చక్రాన్ని తిప్పడంతో ఆగదు, సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. ఒకచోట అంచు అరుగుతుంది, మరోచోట చక్రమే పగులుతుంది. పగిలాక బేరింగులకు మిగిలేది కొన్ని సెకన్లే.

తర్వాత నిస్సాన్ ఆ అంచును వెడల్పు చేసింది. 1995లో వచ్చిన ఆర్‌33 జీటీ-ఆర్‌లో వెడల్పు అంచు క్రాంకే ఉంది. అందుకే ఆ కార్ల గురించి తెలిసినవాళ్లు ‘పొట్టి అంచు క్రాంకు’, ‘పొడుగు అంచు క్రాంకు’ అని రెండుగా విడదీసి మాట్లాడతారు. పాత క్రాంకు ఉన్నవాళ్లు లేతు మీద ఆ అంచును చెక్కి, వెడల్పాటి ఉక్కు కాలరును వేడిచేసి ఎక్కిస్తారు. చల్లారాక అది బిగుసుకుపోతుంది.

ఇక్కడో మెలిక ఉంది. రేసుల్లో తిరిగిన జీటీ-ఆర్లు ముప్పై ఏళ్లలో ఎన్నోసార్లు ఇంజన్లు మార్చుకున్నాయి. 1990 నాటి బండిలో 1996 ఇంజన్ ఉండొచ్చు, 1995 బండిలో పాత క్రాంకు దూరి ఉండొచ్చు. కాగితాల మీది సంవత్సరం బాడీ ఎప్పుడు పుట్టిందో చెబుతుంది. క్రాంకు అంచు ఎంత వెడల్పో ముందు కవరు విప్పి, పంపు దించి, కళ్లతో చూస్తేగానీ తెలియదు.

నట్టు, గ్యాస్కెట్, పళ్లు

ఆయిల్ పంపు పోయింది అనే ఒక్క మాట వెనక రకరకాల రోగాలుంటాయి. 1990ల బీఎండబ్ల్యూ ఎం3లో, అంటే ఈ36 తరం కార్లలో, పంపుకు ఏ లోపమూ లేదు. క్రాంకు నుంచి చిన్న గొలుసు వచ్చి పంపు చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క నట్టు. రేసు ట్రాక్ మీద అదేపనిగా ఎక్కువ చుట్లలో నడిపినప్పుడు అది వదులై ఊడిపోయిన సందర్భాలున్నాయి. పంపు నిక్షేపంలా ఉంటుంది, దాన్ని తిప్పేవాడే ఉండడు. అందుకే ట్రాక్ మీద నడిపేవాళ్లు ఇంజన్ కింది నూనె ఛాంబర్ దించినప్పుడు ఆ నట్టుకు రంధ్రం చేసి, తీగతో కట్టేస్తారు.

2010లో మన దేశంలోనూ అమ్మకానికి వచ్చిన నిస్సాన్ 370జెడ్‌ది మరో కథ. దాని ముందు కవరు వెనక ఆయిల్ దారులను మూసి ఉంచే గ్యాస్కెట్లు తొలినాటి కార్లలో కాగితపు రకంవి. ఏళ్ల తరబడి వేడి తగిలి అవి పగిలితే నూనె బేరింగులకు చేరకుండా పక్కదారిన కారిపోతుంది. గేజి ముల్లు పడిపోయేసరికి అందరూ ముందు పంపునే అనుమానిస్తారు. తర్వాతి బండ్లలో లోహపు గ్యాస్కెట్లు వేశారు. రిపేరుకు వచ్చిన పాత బండ్లకూ అవే వేస్తున్నారు. మోటారు బాగున్నా దారిలో పైపు పగిలితే పొలానికి నీరందదు. అలాంటిదే ఇది.

2016లో మన షోరూములకు వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ ఐదు లీటర్ల ఇంజన్లో పంపు చక్రాలు పొడి లోహంతో చేసినవి. లోహపు పొడిని అచ్చులో గట్టిగా నొక్కి, కరగనంత వేడిలో, కుమ్మరి ఆవంలో కుండ కాల్చినట్టు కాలుస్తారు. అలాంటి చక్రం చవక, కొలతల్లో కచ్చితం, నిలకడైన బరువును బాగా మోస్తుంది. హఠాత్తు దెబ్బకు మాత్రం పగులుతుంది. కంపెనీ ఇచ్చినట్టే నడిపే యజమానికి దీనితో పేచీ రావడం అరుదు. సూపర్ ఛార్జర్ బిగించి, చుట్ల హద్దును పదేపదే తాకించేవాళ్లకు మాత్రం అది ప్రాణాంతకం. హద్దు తాకిన ప్రతిసారీ ఇంజన్ శక్తి తెగి మళ్లీ అందుకుంటుంది, ఆ కుదుపు నేరుగా పంపు పళ్లకు తగులుతుంది. అందుకే శక్తి పెంచే మెకానిక్కులు ముందుగా ఉక్కు దిమ్మ నుంచి చెక్కిన చక్రాలు వేస్తారు. ఇక్కడ దోషం ఏ ఏడాదిదీ కాదు, నడిపే తీరుది.

పంపును అన్యాయంగా నిందించే సందర్భం ఇంకొకటుంది. స్పోర్ట్స్ కారు పెద్ద మలుపును వేగంగా తిరిగేటప్పుడు పక్కకు నెట్టే బలం భూమ్యాకర్షణకు సమానమైతే, ఛాంబర్లోని నూనె నలభై అయిదు డిగ్రీల వాలులో ఓ పక్కకు ఎక్కేస్తుంది. పీల్చే గొట్టం జాలి గాలిలో తేలుతుంది. పంపు తిరుగుతూనే ఉంటుంది, పీల్చేది గాలిని. రేసు కార్లలో నూనెను విడి ట్యాంకులో ఉంచే పద్ధతి వచ్చింది ఇందుకే.

పుట్టిన తేదీ, పుట్టిన ఊరు

పోర్షే బాక్స్‌స్టర్, 996 తరం 911 కార్లలో ఇంజన్ మధ్యనుంచి ఒక షాఫ్టు పోతుంది. ఆయిల్ పంపును తిప్పేదీ అదే. ఆ షాఫ్టు చివరి బేరింగు కొన్ని కార్లలో చెడిపోయి ఇంజన్లే పాడయ్యాయి. అమెరికాలో కోర్టు ద్వారా కుదిరిన ఒప్పందంలో ఏ కార్లకు పరిహారం వర్తిస్తుందో తేదీలతో సహా రాశారు: 2001 మే 4 నుంచి 2005 ఫిబ్రవరి 21 వరకు తయారైనవి. మోడల్ సంవత్సరాల భాషలో ఈ గీత సరిగ్గా గీయలేం. కంపెనీలు వచ్చే ఏడాది మోడల్‌ను ముందు ఏడాదిలోనే తయారు చేయడం మొదలుపెడతాయి. లోపమున్న భాగాన్ని మార్చేటప్పుడు జనవరి ఒకటో తేదీ కోసం ఆగవు.

2014లో పోర్షే 911 జీటీ3 విషయంలో లెక్క ఇంకా తేలికగా తేలింది. స్విట్జర్లాండ్‌లో ఒకటి, ఇటలీలో ఒకటి, రెండు కార్లు తగలబడ్డాయి. కనెక్టింగ్ రాడ్డు స్క్రూ వదులవడమే కారణమని కంపెనీ తేల్చి, ఆ ఏడాది మోడల్‌గా అప్పటికి తయారైన 785 కార్లకూ ఇంజన్లు మార్చింది. అనుమానితుల జాబితా పూర్తిగా చేతిలో ఉంది కాబట్టే అలా చేయగలిగింది.

ఆ జాబితాలో మన బండి ఉందో లేదో చెప్పేది ఛాసిస్ నంబరు. అందులో పదిహేడు అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి అక్షరం పుట్టిన ప్రాంతాన్ని సూచిస్తుంది. జపాన్‌కు ‘జె’, జర్మనీకి ‘డబ్ల్యూ’. మన దేశానికైతే చాలావరకు మొదటి రెండు కలిపి ‘ఎంఏ’ నుంచి ‘ఎంఇ’ వరకు. అమెరికా పద్ధతి పాటించే కార్లలో పదో స్థానం మోడల్ సంవత్సరం, పదకొండో స్థానం కర్మాగారం. 2010కి ‘ఎ’, 2019కి ‘కె’, 2020కి ‘ఎల్’ అలా నడుస్తుంది. ముప్పై ఏళ్లకు అక్షరాలు మళ్లీ మొదటికొస్తాయి కనుక 1990కీ ‘ఎల్’ అక్షరమే. చివరి అంకెలు వరస సంఖ్య. లోపం ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య వరకో కంపెనీ చెబితే అక్కడ పోల్చుకోవాలి. జపాన్‌లో అమ్ముకోవడానికి చేసిన కార్లకు ఈ పదిహేడు స్థానాలు ఉండవు. జీటీ-ఆర్‌కైతే బీఎన్‌ఆర్‌32 అనే సంకేతం, దాని వెనక వరస సంఖ్య, అంతే. ఇంజన్ నంబరు అన్ని కార్లలోనూ వేరే. రెండూ ఆర్సీతో సరిపోలాలి.

ఫిర్యాదులను లెక్కపెట్టే తీరు

ఒక మోడల్ గురించి గోల ఎక్కువగా వినిపిస్తే అదే చెడ్డదనుకోవడం సహజం. లెక్క వేరుగా ఉండొచ్చు. ఒక ఏడాది పది వేల కార్లు అమ్ముడై, 200 పంపులు పోయాయనుకుందాం. మరో ఏడాది వెయ్యి కార్లే అమ్ముడై, 50 పంపులు పోయాయనుకుందాం. మొదటి ఏడాది గురించి నాలుగు రెట్లు గోల వినిపిస్తుంది. కానీ వందకు రెండు ఎక్కడ, వందకు ఐదు ఎక్కడ! పోయిన వాటిని మొత్తం వాటితో భాగించకుండా ఏ ఏడాదికీ చెడ్డపేరు పెట్టకూడదు.

పోయిన వయసూ కీలకమే. యంత్రభాగాలు చెడిపోయే తీరును గీత గీస్తే స్నానాల తొట్టిని పక్కనుంచి చూసినట్టుంటుంది. మొదట్లో తయారీ లోపాల వల్ల ఎక్కువ పోతాయి, మధ్యలో తగ్గుతాయి, చివర అరుగుదల వల్ల మళ్లీ పెరుగుతాయి. ఈ మూడు దశలనూ ఒకే సూత్రంతో లెక్కగట్టే మార్గాన్ని స్వీడన్ ఇంజనీరు వాలోడి వైబుల్ 1951లో ప్రచురించిన వ్యాసం ప్రపంచానికి పరిచయం చేసింది. కొత్తలోనే పంపులు పోతే ఆ విడత తయారీని అనుమానించాలి. లక్షన్నర కిలోమీటర్ల తర్వాత పోతే అది వయసు, లేదా మార్చకుండా వాడిన నూనె.

2019 మోటారు వాహనాల సవరణ చట్టం మన దేశంలో లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారాన్ని కేంద్రానికిచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నియమాల ప్రకారం ఏడేళ్ల లోపు బండ్లకే ఇది వర్తిస్తుంది. అందుకే యజమానులు ఫిర్యాదును గ్యారేజీలో చెప్పి ఊరుకోకుండా, వాహన్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఎన్ని బండ్లకు ఎన్ని పోయాయన్న లెక్క అక్కడే తయారవుతుంది. పాత బండికి ఆ రక్షణ లేదు. కొనేవాడు తానే చూసుకోవాలి.

చూడటానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పాత ఆయిల్ ఫిల్టరును రంపంతో కాకుండా కట్టరుతో కోయాలి, లేకపోతే రంపపు పొడే కలిసిపోతుంది. లోపలి మడతల కాగితాన్ని విప్పి, నూనె పిండి, ఎండలో పరచాలి. శుభ్రమైన ఇంజన్‌దైతే నల్లటి మసి మాత్రమే కనిపిస్తుంది. బేరింగు అరుగుతుంటే మడతల మధ్య రాగి రంగు, వెండి రంగు తళుకులు మెరుస్తాయి. అయస్కాంతం పెడితే ఇనుప నలుసులు అంటుకుంటాయి, బేరింగు పూతవి అంటుకోవు. ఆ ఒక్క తేడాతోనే పంపు పళ్ల వంటి ఇనుప భాగాలు అరుగుతున్నాయా, బేరింగులు అరుగుతున్నాయా అన్నది చాలావరకు పసిగట్టొచ్చు. తర్వాత ఇంజన్ బాగా వేడెక్కాక, నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు విడి గేజి పెట్టి ఒత్తిడి చూడాలి. చల్లని నూనె చిక్కగా ఉండి లోపాన్ని దాచేస్తుంది, వేడి నూనె దాచలేదు.

ఈ పద్ధతులేవీ స్పోర్ట్స్ కార్ల సొత్తు కాదు. కొత్త పంపు బిగించిన ట్రాక్టర్‌ను మంచి మెకానిక్ వెంటనే స్టార్టు చేయడు. ముందు ఫిల్టరు నిండా నూనె పోసి బిగిస్తాడు. డీజిల్ అందకుండా స్టాప్ నాబ్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొడతాడు. ఇంజన్ మండకుండానే క్రాంకు మెల్లగా తిరుగుతుంది, పంపు మొదటి గుక్క పీల్చి ఖాళీ దారులన్నీ నింపుతుంది. అతని చూపు డాష్‌బోర్డు మీది ఎర్ర లైటు మీదే ఉంటుంది. అది ఆరాకే నాబ్ మీంచి చెయ్యి తీస్తాడు.